నేల నాకే కారు

ఆ కారు కంటపడితే చాలు, ఎర్రన్నకి ఒళ్లంతా కంపరం పుట్టేది.

పాతపట్నం దాటి పర్లాకిమిడి వెళ్లే రోడ్డు మీద, ఒరిస్సా సరిహద్దులో ఉన్న గేటుకి ఎర్రన్న పగటి కాపలాదారు. దేశమంతా బియ్యానికి కటకటగా ఉన్న రోజులు. ఇక్కడి బియ్యం గింజ కూడా సరిహద్దు దాటకూడదని సర్కారు ఉత్తరువు. వచ్చిన లారీనీ, బస్సునీ, ఎడ్లబండినీ ఆపి ఇనప ఊచతో పొడిచి చూడటమే అతని పని. అంతకుముందు చాలా ఏళ్లు మిలటరీలో ట్రక్కు నడిపాడు. ఏ బండి వచ్చినా అతని చూపు ముందు చక్రాల మీదికే పోయేది.

గేటుకి ఇవతల రోడ్డుకి అడ్డంగా ఒక దిబ్బ ఉండేది. బళ్లు నెమ్మదించాలని రాళ్లూ మట్టీ పోసి గట్టిగా కొట్టిన దిబ్బ. ఎడ్లబళ్లు కూడా దాన్ని ఎక్కి దిగిపోయేవి. బొబ్బిలి జగన్నాధం చిన్న ఫియట్ కారు మాత్రం ప్రతి వారం దాని మీద పొట్ట ఆన్చి కూర్చునేది.

జగన్నాధం కొత్తగా పెళ్లయినవాడు. అత్తవారిది పర్లాకిమిడి. సిల్కు చొక్కా, నల్ల కళ్లద్దాలు, మనిషి కంటే ముందొచ్చే సెంటు వాసన. ఇక ఆ కారు చూడబోతే చక్రాలు సగం మడ్‌గార్డుల్లోకి దూరిపోయి, నేలకి కడుపు రాసుకుంటూ పాకుతున్నట్టు వచ్చేది.

మొదటిసారే ఎర్రన్న ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏటి బాబూ, బండికేటైనాది? మిలట్రీలో బళ్లు తోలినోణ్ణి, ఇలాటిది సూడ్లేదు. కమాన్లు ఇరిగిపోనాయా?"

జగన్నాధం నవ్వాడు. "విరగలేదు. బండిని ఎత్తి పట్టే కమాన్లలో రేకులు నేనే తీయించీసాను. కలకత్తాలో షోకైన కార్లన్నీ ఇప్పుడిలాగే నేలకంటుకుని తిరుగుతున్నాయి. లారీలు తోలినోడివి, నీకేటి తెలుస్తాది?"

ఎర్రన్న డిక్కీ తెరిపించి చూశాడు. స్టెప్నీ చక్రం, అత్తవారికి పట్టుకెళుతున్న పళ్లబుట్ట. వెనక్కి వెళ్లి భుజం ఆనించి కారుని ఎత్తి తోశాడు. పొగంతా ముఖాన కొట్టింది. రాళ్ల మీద రేకు గీసుకునే చప్పుడుకి పళ్లు జివ్వుమన్నాయి. జగన్నాధం కనీసం కిందికి దిగలేదు.

ఆ తర్వాత ప్రతి వారం అదే తంతు. ఆ రోజు ఇంటికి వెళితే ఎర్రన్నకి తిండి సయించేది కాదు. తిండంటే సోళ్ల అంబలే, అదే రాగి జావ. అది కూడా సగంలో వదిలేసి భార్య దాలమ్మ దగ్గర వెళ్లగక్కేవాడు. నిక్షేపంలాంటి బండిని చేతులారా అవిటిదాన్ని చేసి, దాన్ని చూసుకుని మురిసిపోయేవాణ్ణి ఎక్కడా చూడలేదని తిట్టిపోసేవాడు.

ఒకనాడు తవిటమ్మ అనే ముసలామె నడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది. అవతలి ఊళ్లో కూతురు పురిటి మంచం మీద ఉంది. పథ్యం కూటికని కొంగున కాసిని బియ్యం ముడేసుకుని బయల్దేరింది. రూలు రూలే. ఎర్రన్న ఆ ముడి విప్పించి బియ్యం గేటు డబ్బాలో పోయించాడు. ఆమె ఖాళీ కొంగు దులుపుకుని అవతలికి నడిచి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే వెనక హారన్ మోగింది. ఎర్రన్న పక్కకి తిరిగి ఉమ్మేసి, కారు దగ్గరికి వెళ్లాడు.

ఆవేళ జగన్నాధం సలహా అడిగాడు. టైర్లు మడ్‌గార్డులకి రాసుకుని అరిగిపోతున్నాయట. చిన్న చక్రాలు వేయించి, వాటికి లావుపాటి టైర్లు తొడిగితే ఇంకా షోగ్గా ఉంటుందేమోనని అతని ఉద్దేశం.

మనిషి మీద ఎంత రోత ఉన్నా, బండి బాధ ఎర్రన్న చూడలేడు. గొంతుకూర్చుని టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య వేలు పెట్టి చూశాడు. ఒక్క వేలే పట్టింది.

"పదమూడంగుళాల చక్రం ఏస్తే బండి ఇంకా కిందకి దిగిపోతాది బాబూ. లావు టైరేస్తే ఇంకా రాసుకుంటాది. ఉన్న పద్నాలుగే ఉంచీండి. టైరు సన్నందే, కానీ లోపల పొరలెక్కువున్నది ఏయించండి."

"అవి బరువులు మోసే వ్యాన్లకి కదా?" అన్నాడు జగన్నాధం.

"ఈ రాళ్లకి తట్టుకోవాలంటే అవే ఉండాల. అసలైతే తీసేసిన రేకులు మళ్లీ ఏయించీడమే మందు."

షోకు పోతుందని జగన్నాధం పెదవి విరిచాడు. కానీ వారం తిరిగేసరికి ఎర్రన్న చెప్పిన టైర్లే వేయించుకుని వచ్చాడు. రాపిడి తగ్గిందని మెచ్చుకున్నాడు. కారు మాత్రం మామూలుగానే దిబ్బ మీద కూర్చుంది. ఎర్రన్న మామూలుగానే తిట్టుకుంటూ తోశాడు.

ఆ రోజు సాయంత్రం కాపలాకి రావలసిన మనిషికి జ్వరం తగిలి, ఎర్రన్నే గేటు దగ్గర ఉండిపోయాడు. పొద్దు వాలుతుండగా పర్లాకిమిడి వైపు నుంచి లైట్లు కనిపించాయి. జగన్నాధం తిరిగి వస్తున్నాడు. తిరుగు ప్రయాణంలో ఆ కారు ఎర్రన్నకి ఎదురుపడటం అదే మొదలు. మళ్లీ దాన్ని మొయ్యాలిరా భగవంతుడా అనుకుంటూ, గేటు ఎత్తి, తువ్వాలు భుజాన మడతపెట్టుకుని దిబ్బ దగ్గరికి నడిచాడు.

పొద్దున తను తోసిన అదే కారు, అవే చక్రాలూ అవే టైర్లతో, పొట్ట దిబ్బకి బెత్తెడు ఎత్తున ఉండి, పూచికపుల్లలా తేలిగ్గా దాటిపోతుంటే, దాన్ని ఇన్నాళ్లూ నేల నాకించింది కలకత్తా షోకు కాదనీ, వారం వారం తన భుజం మీదుగా సరిహద్దు దాటినవి సీట్ల కింద దాచిన బియ్యం బస్తాలనీ ఎర్రన్నకి తెలిసింది.