ఎర్రముక్కు సైకిళ్లు

"ఈ ఎండలో నువ్వెందుకే?" అని మా ఆయన మళ్లీ సణిగాడు. నేను పెడల్ ఆపలేదు. ఇంట్లో పెదవి విప్పి నవ్వని మనిషి, ఆదివారం రాగానే జోకరులా ఎర్రముక్కు తగిలించుకుని ఈ జోకుల సైకిల్ గుంపుతో పొలాల దారి పడుతున్నాడంటే, ఏదో ఉంది.

కల్వర్టు దగ్గర అందరూ ఆగారు.

"నీ వంతు. జోకు చెప్పు అన్నా," అన్నాడు గుంపులోని టైలరు.

మా ఆయన నావైపు చూసి నీళ్లు నమిలాడు.

"నేను వినకూడనిదేమోలే," అన్నాను. "ఈయనకి చెప్పుకోవడం కన్నా గోడకి చెప్పుకోవడం నయం. గోడకైనా చెవులుంటాయంటారు."

గుంపంతా పడీపడీ నవ్వింది.

"అన్న చెప్పే జోకులన్నీ మీ మాటలే వదినా," అన్నాడు టైలరు కళ్లు తుడుచుకుంటూ. "మీ నోట వినడం ఇదే మొదలు."

నేను మా ఆయన వైపు తిరిగాను. "మరి ఇంట్లో నవ్వి చావరేం?"

"నవ్వితే తిట్టడం ఆపేస్తావేమోనని."