ఎక్కిళ్ళకో తేనెపట్టు

అడవి ఆసుపత్రిలో వైద్యం చేసే ముంగిస మాచమ్మకు రోజంతా చేతినిండా పనే కానీ, మందులు ఎప్పుడూ చాలేవి కావు. అడవికి పెద్ద అయిన ఏనుగు దొర బాగా ఆలోచించి, "ఇకమీదట నయం చేసి పంపిన ఒక్కో రోగికి మందుల ఖర్చుకు ఆసుపత్రికొక తేనెపట్టు. ఎంత పనికి అంత!" అని చాటించాడు.

మాచమ్మ సంబరపడింది. ఎక్కిళ్ళు వచ్చిన కుందేలుకు నీళ్ళు తాగించి ఒక పట్టు, తుమ్మిన ఉడుతకు తులసాకు నమిలించి ఇంకో పట్టు సంపాదించింది. చిప్ప పగిలిన తాబేలు వస్తే మాత్రం, "నీకు నెల పడుతుంది తాతా, తర్వాత చూద్దాం" అని పంపేసింది. ఆ పూట ఆమెకు తేనె రుచించలేదు.

వారం తిరక్కుండా ఏనుగు దొరే కాలీడ్చుకుంటూ వచ్చాడు. అరికాల్లో తుమ్మముల్లు దిగి చీము పట్టింది.

"ఇది మానడానికి నలభై రోజులు దొరా! ఈలోగా నలభైమంది ఎక్కిళ్ళు ఆపుతాను. మీ లెక్కన మిమ్మల్ని ముట్టుకుంటే ఆసుపత్రికి నష్టం," అంది మాచమ్మ భయపడుతూనే.

ఏనుగు దొర నోరెళ్ళబెట్టాడు. తర్వాత పకపకా నవ్వాడు. "తప్పు నాదేనమ్మా! పెద్ద జబ్బుకు పెద్ద పట్టు, ఎక్కిళ్ళకు ఒక్క చుక్క. సరేనా? ఇక ముల్లు తియ్యి."

"తీస్తాను. కానీ ముందు తాబేలు తాతకు కట్టు కట్టాలి," అంటూ మాచమ్మ ఉడుతతో కబురంపింది.

తాబేలు నడిచి వచ్చేసరికి పొద్దువాలింది. అంతసేపూ ఏనుగు దొర కాలు పైకెత్తుకుని, కిక్కురుమనకుండా వరసలో కూర్చున్నాడు.