లెక్కపెట్టే దొంగ

"గట్టిగా మాట్లాడకు నాన్నా, లోపల దొంగ ఉన్నాడు," అంది కూతురు, పనిబల్ల కిందికి దూరుతూ.

తాళాలాయన చేతిలో ఆకురాయి ఆగిపోయింది. పట్టపగలు, పదకొండు గంటలు. ఇంటి ముందుగదే ఆయన దుకాణం. గోడ నిండా తాళాలు, బల్ల నిండా తాళంచెవులు. భార్య ఆస్పత్రి డ్యూటీకి వెళ్లింది. ఐదేళ్ల పిల్ల లోపల ఒక్కతే ఆడుకుంటోంది కదా అని ఆయన నిశ్చింతగా ఉన్నాడు. పని చేసుకుంటూనే దాని ఆటకు ఒక చెవి అప్పగించడం ఆయనకు అలవాటు. స్టూళ్లకు పాఠాలు చెబుతుంది, దిండ్లకు జ్వరం చూస్తుంది. అంతేగానీ ఇలా ఊపిరి బిగబట్టి వచ్చి బల్ల కింద నక్కిన పాపాన ఎప్పుడూ పోలేదు.

ఎక్కడున్నాడని గొంతు తగ్గించి అడిగాడు. వంటింట్లోనట. గోడవైపు తిరిగి నిలబడ్డాడట. ఏం చేస్తున్నాడంటే, లెక్కపెడుతున్నాడట.

ఏం లెక్కపెడుతున్నాడబ్బా అని ఆలోచనలో పడ్డాడు తాళాలాయన. ఆ వంటింట్లో లెక్కపెట్టదగ్గవి ఆరు చెంచాలు తప్ప ఏమీ లేవు. మనిషి ఎలా ఉంటాడని అడిగాడు. నల్లగా, లావుగా, ఇంతింత చెవులతో ఉంటాడని పిల్ల చేతులతో కొలిచి మరీ చూపించింది. పైగా ఒక కన్ను లేదంది.

"నిన్ను చూశాడా తల్లీ?"

"ఇంకా లేదు. లెక్కయిపోగానే వెతుక్కుంటూ వస్తాడు. దొరికామా, అయిపోయామే."

ఇంకేముంది, ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. నలుగురికీ వినబడేలా కేక పెడదామని నోరు తెరిచి, మళ్లీ టక్కున మూసేశాడు. ఈ వీధిలో ప్రతి తలుపుకూ తాళం బిగించింది తనే. అలాంటిది తాళాలవాడి కొంపలోనే దొంగ పడ్డాడని పొక్కితే, రేపట్నుంచి తన గుమ్మం తొక్కేదెవరు? పిల్లను కదలొద్దని సైగ చేసి, ఫోను అరచేతిలో దాచుకుని పోలీసులకు చెప్పాడు. దయచేసి చప్పుడు చెయ్యకుండా రమ్మని బతిమాలాడు. తర్వాత ఉన్నవాటిలో పెద్ద సుత్తి చూసి పట్టుకుని, వంటింటి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

అయిదు నిమిషాల్లో జీపు వచ్చింది. అది ఆగగానే హెడ్డు కానిస్టేబులూ, దాన్ని నడిపిన ఇంకో కానిస్టేబులూ తాళంచెవి కూడా తియ్యకుండా దూకి లోపలికొచ్చారు. గోడ నిండా తాళాలను చూసి హెడ్డు ఏదో అనబోయి, సమయం కాదని ఊరుకున్నాడు. లాఠీలెత్తి ఇద్దరూ పిల్లుల్లా వంటింట్లోకి వెళ్లారు.

కాసేపటికి కానిస్టేబులు పొట్ట పట్టుకుని నవ్వుతూ బయటికొచ్చాడు. వెనకాలే హెడ్డు వచ్చాడు. ఆయన మాత్రం నవ్వడం లేదు. ఆయన చేతిలో, చెవి పట్టుకుంటే వేలాడుతూ, ఒంటికన్ను ఎలుగుబంటి బొమ్మ ఉంది.

"ఇతనేనా?" అని అడిగాడు.

తాళాలాయన జవాబు చెప్పేలోపే బల్ల కిందినుంచి పిల్ల విసవిసా వచ్చి హెడ్డు ముందు నిలబడింది.

"నువ్వు పట్టుకోకూడదు. దొంగే మనల్ని పట్టుకోవాలి. నీకసలు ఆటే రాదా?"

దాగుడుమూతలు. తాళాలాయనకు తల కొట్టేసినట్టయింది. దాగుడుమూతల్లో వెతికేవాణ్ణే దొంగంటారని తెలియని మనిషి ఉంటాడా? చిన్నప్పుడు తను దొంగయినన్ని సార్లు ఆ వీధిలో ఇంకెవరూ అయ్యుండరు కూడా.

హెడ్డు మాత్రం కరగలేదు. దొంగ ఫిర్యాదు ఇచ్చి పోలీసుల్ని పరుగులు పెట్టించడం ఎంత నేరమో తెలుసా అన్నాడు. కేసు రాస్తానన్నాడు, దుకాణం మూయిస్తానన్నాడు. తాళాలాయన బతిమాలాడు, చేతులు జోడించాడు. ఈ తాళాల పని తప్ప తనకు వేరేది చేతకాదని మొరపెట్టుకున్నాడు. కానిస్టేబులుకు జాలేసి, పోనీలెండి సార్, పిల్లలున్న ఇల్లు అన్నాడు.

ఈ పంచాయితీ ఏదీ పిల్లకు పట్టలేదు. హెడ్డు చేతిలో ఉండగానే ఎలుగు తనను చూసేసింది కాబట్టి ఇక తనే దొంగ అని చెప్పి, వెళ్లి కిటికీ ఊచలకు నుదురు ఆనించి, కళ్లు మూసుకుని లెక్క మొదలుపెట్టింది.

చివరికి హెడ్డు ఒక మెట్టు దిగాడు. తను చెప్పినట్టు కాగితం రాసి సంతకం పెడితే ఈసారికి వదిలేస్తానన్నాడు. బతుకుజీవుడా అనుకుంటూ తాళాలాయన రాశాడు: "మా వీధిలో దొంగలెవరూ లేరు. ఉన్నారని చెప్పడం ముమ్మాటికీ నా పొరపాటు. పోలీసువారు స్వయంగా వచ్చి చూసి, భయపడాల్సిందేమీ లేదని తేల్చారు." హెడ్డు దాన్ని రెండుసార్లు పైకి చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, గుండీ కూడా పెట్టుకున్నాడు.

కిటికీ దగ్గర పది పూర్తయింది. పిల్ల కళ్లు తెరిచి వీధిలోకి చూసింది.

"నాన్నా, దొంగని నేను కదా. మరి ఆ మావయ్యెవరో పోలీసు జీపెక్కి పారిపోతున్నాడేంటి?"