నకళ్ల కాపురం

ఉద్యోగం చేసే తల్లులకు సాయంగా నకలుమనుషులను అమ్ముతున్న రోజులవి. ఇలాంటి మరమనిషి యజమానిని కొన్నాళ్లు గమనించి, అచ్చం అలాగే మసలుతుంది. వైదేహి కొనుక్కున్న నకలు, ఆమె కూతురికి జడ అల్లుతూనే ఆఫీసు ఫోన్లకు బదులిచ్చేస్తోంది.

"నీకు ఇంకాస్త సాయంగా ఉంటుందని నాకూ ఒక నకలు తెప్పించానోయ్," అన్నాడు భర్త రఘునందన్, త్యాగమూర్తిలా మొహం పెట్టి.

"మంచి పని చేశారండీ! ఇక అంట్ల గొడవ తీరినట్టే," అని మురిసిపోయింది వైదేహి.

ఆదివారం ఆమె చాన్నాళ్లకు వేడి కాఫీ ముందు కూర్చుంది. పక్కన ఆమె నకలు బట్టలు మడతపెడుతోంది. అన్నీ నేర్చుకున్న రఘునందన్ నకలు తిన్నగా వచ్చి, సోఫాలో కూర్చున్న అతని పక్కనే కాళ్లు బార్లా చాపి రిమోట్ అందుకుంది.

"టీ పెట్టవోయ్!" రెండు గొంతులు కలిసి కేకేశాయి.

బట్టలు వదిలేసి నకలూ, కాఫీ వదిలేసి వైదేహీ ఒకేసారి లేచారు.