వేసవి డీజిల్

"ఇంజన్ ఆపకు."

లారీ దిగుతున్న శైలూబెక్ తల తిప్పి చూశాడు.

టీ దుకాణం గోడకి ఆనుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. గడ్డం నిండా మంచు.

"ఎవరు నువ్వు?"

"ఎవరైతేనేం. డీజిల్ ఎక్కడ కొట్టించావు?"

"జలాలాబాద్‌లో. అయితే?"

"అక్కడింకా వేసవి డీజిలే పోస్తున్నారు. పైన అలాబెల్ కనుమలో ఇవాళ మైనస్ ముప్పై అయిదు. ట్యాంకులో డీజిల్ నెయ్యిలా పేరుకుపోతుంది."

శైలూబెక్ కావాలనే మళ్లీ లోపలికి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. ఇంజన్ ఆగిపోయింది.

"ఇరవై ఏళ్ల నుంచి ఈ దారిలో తిరుగుతున్నాను. నాకు పాఠాలు చెప్పకు."

"కిరసనాయిలు కలుపుకో. పేరుకున్నాక ఎంత కలిపినా లాభం లేదు. రేడియేటర్‌కి అడ్డంగా గొంగళి కట్టు."

"ఆ గొంగళి నువ్వే అమ్ముతావు కాబోలు."

అప్పుడే తిండి ముగించి బయటికొస్తున్న ఇద్దరు డ్రైవర్లు పకపకా నవ్వారు. "మాకూ ఇదే చెప్పాడన్నా. బేరం కుదరలేదు" అన్నాడొకడు. ఇద్దరూ తమ లారీలెక్కి కనుమ వైపు వెళ్లిపోయారు.

ముసలాయన నవ్వలేదు. శైలూబెక్ వంకే చూస్తున్నాడు. ఆ చూపులో దయ లేదు.

లోపల పొయ్యి భగభగ మండుతోంది. దుకాణం నడిపే కాలిపా వేడి మాంసం చారు, రొట్టె తెచ్చి పెట్టింది.

"ఎవరక్కా ఆ ముసలోడు?"

"ఒరోజ్ అంటారు. ఆయన చెప్పింది వింటే నీ సొమ్మేం పోయింది?"

"ఇలాంటివాళ్ల మాట ఒకటి వింటే నెత్తికెక్కి కూర్చుంటారు."

చారు సగం అయ్యేసరికి బయట ఇనుప చప్పుడైంది. శైలూబెక్ కిటికీలోంచి చూశాడు. లారీ ట్యాంకు మూత తీసి ఉంది. పక్కనే రెండు డబ్బాలు. ముసలాయన ట్యాంకు మీదికి వంగి ఏదో చేస్తున్నాడు.

గిన్నె అక్కడే వదిలి పరిగెత్తాడు.

"దొంగ ముండాకొడకా, డీజిల్ లాగేస్తున్నావా?"

మెడ పట్టుకుని లాగి మొహం మీద గుద్దాడు. ముసలాయన మంచులో పడ్డాడు. శైలూబెక్ కాలు తగిలి ఒక డబ్బా బోర్లాపడింది. అందులో ఉన్నదంతా నేలపాలైంది.

రెండో దెబ్బ పడేలోపు కాలిపా వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"లాగడం లేదు, పోస్తున్నాను" అన్నాడు ముసలాయన, పెదవి మీద రక్తం తుడుచుకుంటూ.

"పట్టపగలు దొరికిపోయి ఇంకా కబుర్లా?"

"ఒక డబ్బా పూర్తిగా పోశాను. రెండోది నువ్వు తన్నేశావు. ఫరవాలేదు, కనుమ దాటేదాకా చాలు. దాటేదాకా ఇంజన్ ఆపకు."

"ఇంకోసారి నా లారీ దగ్గర కనిపిస్తే కాళ్లు విరగ్గొడతాను."

"నీ మొహం మళ్లీ చూడాలని నాకూ లేదు."

ముసలాయన లేచి బట్టలైనా దులుపుకోకుండా రోడ్డు వైపు నడిచాడు.

రేడియేటర్ ముందు ఒక పాత గొంగళి తాడుతో బిగించి ఉంది. శైలూబెక్ దాన్ని పీకబోయాడు. తాడు గడ్డకట్టి ఊడి రాలేదు. ఒక బూతు తిట్టి వదిలేశాడు.

ఇంజన్ చాలాసేపు మూలిగి మూలిగి అందుకుంది.

కనుమ మీద గాలి కత్తిలా కోస్తోంది. మలుపు తిరగగానే రోడ్డు పక్కన రెండు లారీలు ఆగి ఉన్నాయి. ఇందాక నవ్విన ఇద్దరే. స్టెప్నీ టైరు తగలబెట్టుకుని ఆ మంట దగ్గర ముడుచుకుని కూర్చున్నారు. లారీని చూడగానే లేచి చేతులూపారు.

ఆపితే మళ్లీ కదలదేమోనని శైలూబెక్‌కి భయం వేసింది. ఇంజన్ చప్పుడు విన్నాడు. నిలకడగా ఉంది. బ్రేకు వేశాడు.

"డీజిల్ మైనంలా గడ్డకట్టిందన్నా. ఫిల్టరు కింద మంట పెట్టినా కరగడం లేదు. నీదెలా నడుస్తోంది?"

శైలూబెక్ ఇంజన్ ఆపలేదు. దిగి వెళ్లి ట్యాంకు మూత తీశాడు. గుప్పున కిరసనాయిలు వాసన కొట్టింది.

మూత పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"నా కాలివేళ్లకి స్పర్శ తెలియడం లేదన్నా" అన్నాడు రెండోవాడు.

దగ్గరలో పొయ్యి ఉన్నది ఒక్క కాలిపా దుకాణంలోనే. ఇద్దర్నీ ఎక్కించుకుని, వెడల్పున్న చోట లారీ వెనక్కి తిప్పాడు.

కాలిపా వాళ్లని పొయ్యి పక్కన కూర్చోబెట్టి జోళ్లు విప్పించింది. శైలూబెక్ గుమ్మంలోనే ఆగిపోయాడు. బయట ఇంజన్ నడుస్తూనే ఉంది.

"పెద్దాయన ఏడక్కా?"

పొద్దున ముసలోడు, ఇప్పుడు పెద్దాయన. కాలిపా అతన్ని ఎగాదిగా చూసింది.

"దిగువకి వెళ్లే బండెక్కాడు. ఇంక రానన్నాడు."

"ఏ ఊరు?"

"చెప్పలేదు. రెండు చలికాలాల నుంచి వస్తున్నాడు. ఇక్కడే కూర్చుని వచ్చేపోయే లారీల నంబర్లు చూస్తుంటాడు."

"దొంగ అనుకుని కొట్టానక్కా. ఎక్కడున్నా వెళ్లి కాళ్లు పట్టుకుంటాను."

"కొట్టినందుకేనా?"

అర్థం కాక చూశాడు శైలూబెక్.

కాలిపా పొయ్యిలో ఇంకో బొగ్గు పెళ్ల వేసి, అతని వైపు తిరక్కుండానే చెప్పింది.

"రెండేళ్ల కిందట పైన కనుమలో ఆయన లారీ ఆగిపోయి, ఒళ్లో తమ్ముడు చలికి బిగుసుకుపోతుంటే రోడ్డు మీద పోతున్న బండికి చెయ్యూపాడట, ఆపకుండా పోయిన ఆ లారీ నంబరు ఒక్కటే ఆయన కంటపడింది, అది నీ లారీ నంబరే."