నల్ల కారు గెలిచిన రోజు

ముప్పై ఏడో పేజీలో కూడా భిక్షం కారు ఓడిపోయింది.

హైమ కలానికి మూత పెట్టి నిట్టూర్చింది. ఇప్పటికి ఇరవై రెండు రేసులు. ఇరవై రెండూ ఓటమే.

పదో తరగతి పరీక్షలు రాసి, సెలవులకు యూసుఫ్‌గూడలో పిన్ని ఇంటికి వచ్చింది హైమ. వచ్చిన మూడో రోజే ఆమె గుండ్రటి అక్షరాలు ఇంటి ఓనరు కంట్లో పడ్డాయి. ఓనరు భిక్షం. డెబ్బై దాటాడు. ముప్పై ఏళ్లు రేసు కార్ల మెకానిక్‌గా పనిచేశాడు. ఇప్పటికీ జూబ్లీహిల్స్ నుంచి బోరబండ దాకా ఏ షెడ్డుకు వెళ్లినా కుర్చీ తుడిచి మరీ కూర్చోబెడతారు. తన జ్ఞాపకాలన్నీ మూడు నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. గ్రీజు మరకల మధ్య అక్షరాలు వెతుక్కోవాలి.

"జర సాఫుగ రాసియ్యి బిడ్డా. నెలాఖరుకు ప్రెస్సుకియ్యాలె," అన్నాడు.

కొత్తవాళ్ల ముందు హైమకు గొంతు పెగలదు. తలూపింది.

అప్పటి నుంచీ ఆమెకు ఒకటే సందేహం. ఒక్క రేసూ గెలవని మనిషికి ఇంత పేరేమిటి? రోజూ అడుగుదామనుకునేది. ముసలాయన బాధపడతాడేమోనని ఊరుకునేది.

పుస్తకం నిండా అదే వరస.

'జూబ్లీహిల్స్‌లో అప్పటికి అన్నీ బండరాళ్లే. తారు రోడ్డు ఒక్కటే. ఆ రోజు ఒకే రేసు నాలుగుసార్లు పెట్టారు. నాలుగుసార్లూ మేమే ఓడాం.'

పాపం, పట్టు వదల్లేదు, అనుకుంది హైమ.

'ముందు చక్రం నట్లు నేనే బిగించాను. ఎన్ని చుట్లు బిగించాలో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మూడో మలుపులో చక్రం ఊడింది. మా నల్ల కారు వెళ్లి గడ్డిమోపుల్లో దూరింది. తోలినతనికి గీత కూడా పడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.'

హైమకు ఒళ్లు మండింది. చక్రం ఊడితే చప్పట్లా! ఏం మనుషులు! ఆ బండల మధ్య గడ్డి ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే? నాకే తెలుసు, నాకే తెలుసు అనుకునే బదులు ఈయనైనా ఇంకో చుట్టు బిగించొచ్చు కదా!

అందరికంటే ఎక్కువ కోపం రాములు మీద. ప్రతి రేసులోనూ గెలిచిన ఎర్ర కారుకు మెకానిక్ ఆయనే. ఆదివారం వస్తే చాలు, ఎర్రగడ్డ నుంచి వచ్చి భిక్షం పక్కన కుర్చీ లాక్కునేవాడు.

"నీ చెయ్యి పడబట్టే నా కారు గెలిచింది భిక్షం," అనేవాడు.

భిక్షం మీసం కింద మురిసిపోయేవాడు. వెక్కిరింపు కూడా తెలియని అమాయకుడు! ఆ ఆదివారం భిక్షం భార్య మల్లమ్మ టీ కలపమంటే, రాములు గ్లాసులో మాత్రం హైమ చక్కెర వెయ్యలేదు.

ఆయన మొహం చిట్లించి, మర్యాదకు మొత్తం తాగాడు.

తర్వాతి శనివారానికి ఆఖరి పేజీ వచ్చింది. నలభై ఒకటో రేసు.

'ఇదే నా చివరి రేసు. ఇందులోనూ ఎర్ర కారే గెలిచింది. నా పని అయిపోయింది.'

ఆ మూడో వాక్యం దగ్గర హైమ కళ్లు తడిశాయి. నలభై ఒక్క ఓటములు. రేపో మాపో ఇది అచ్చవుతుంది. లోకమంతా చదివి నవ్వుతుంది.

చుట్టూ చూసింది. ఎవరూ లేరు. గబగబా రాసింది.

'ఇదే నా చివరి రేసు. ఇందులో మాత్రం మా నల్ల కారే గెలిచింది.'

ఆదివారం వరండాలో అందరూ కూర్చున్నారు. మల్లమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. రాములు ముందే వంటింట్లోకి వెళ్లి చక్కెర తనే వేసుకుని వచ్చాడు.

"ఆఖరి పేజీ సదువు బిడ్డా, ఇందాం," అన్నాడు భిక్షం.

హైమ చదివింది.

భిక్షం చేతిలో గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగింది.

"మల్ల సదువు."

మళ్లీ చదివింది.

"ఏ కారు గెలిచిందంటున్నవ్?"

"నల్ల కారు... తాతగారూ."

రాములుకు పొలమారింది. దగ్గుతూనే నవ్వాడు, నవ్వుతూనే దగ్గాడు. భిక్షం మాత్రం నవ్వలేదు. మొహం నల్లబడింది.

"ముప్పై ఏండ్ల పేరు! ఒక్కటంటె ఒక్క రేసు గా నల్ల కారును గెల్వనియ్యలే నేను. గిది అచ్చయితె ఇగ నన్ను ఏ షెడ్డుల అడుగు పెట్టనిస్తరు?"

హైమకు ఏడుపు ఆగలేదు.

"నేనే మార్చాను తాతగారూ. నా పని అయిపోయింది అని రాశారు కదా... చదివి ఉండలేకపోయాను. ఒక్కసారైనా మీరు గెలిస్తే బాగుండునని..."

"ఓహో!" అన్నాడు రాములు కళ్లు తుడుచుకుంటూ. "గందుకేనా పోయినారం నా చాయల చక్కెర లేకుండె?"

మల్లమ్మ చేట పక్కన పెట్టింది. హైమను దగ్గరకు లాక్కుని, కొంగుతో మొహం తుడిచి, నవ్వు ఆపుకుంటూ అంది:

"సిన్మల విలన్ కారే గెలిస్తె, గా కట్టేసిన హీరోయిన్‌ను ఎవలు ఇడిపిస్తరు బిడ్డా?"