శుక్రవారం కూడా బడి

ఏడో ఎక్కం సగంలో ఉండగా కురుమూర్తి నిలబడే నిద్రపోయాడు.

తిమ్మప్ప పంతులు బెత్తంతో బల్ల మీద కొట్టాడు. పిల్లవాడు ఉలిక్కిపడి, "హాజర్ పంతులూ" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వే ఓపిక ఆ బడిలో ఎవరికీ మిగల్లేదు.

పోయినేడు ఇన్‌స్పెక్టర్ సాబు వచ్చినప్పుడు ఈ పిల్లలు ఒక్క లెక్కా చెప్పలేక నీళ్లు నమిలారు. మళ్లీ ఇట్లాగే ఉంటే బడి ఎత్తేస్తామని ఆయన హెచ్చరించి వెళ్లాడు. అప్పటినుంచి తిమ్మప్ప పొద్దు పొడవకముందే గంట కొడుతున్నాడు. పశువులు ఇళ్లకు మళ్లేదాకా వదలడం లేదు. చదివించినకొద్దీ పిల్లలు మొద్దుబారుతున్నారు. అందరికన్నా చురుకైన చంద్రకళ కూడా చిన్న కూడికలు తప్పుతోంది.

ఆ సాయంత్రం కురుమూర్తి తల్లి నర్సమ్మ బడికొచ్చింది.

"పంతులూ, పోరడు బువ్వ తింటలేడు. నిద్రల గూడ ఎక్కాలే చదువుతుండు. జర ఇడిచిపెట్టరాదు?"

"సాబు వచ్చి పోయేదాక ఓర్సుకోమ్మా. బడి పోతే మళ్ల రాదు," అన్నాడు తిమ్మప్ప. అరిచి అరిచి ఆయన గొంతు బొంగురుపోయింది.

"బడి ఉంటది సరే. చదివెటందుకు పోరడు ఉండాలె గద."



మరుసటి వారం వింత జరిగింది. తిమ్మప్ప తాళం తీయడానికి వచ్చేసరికే పిల్లలంతా బడి అరుగు మీద బారుగా కూర్చుని ఉన్నారు. చంద్రకళ ఎక్కం చెబుతుంటే మిగతావాళ్లు అందుకుంటున్నారు. కురుమూర్తి ముందు వరసలో ఉన్నాడు.

"ఏందిరా, ఏమైంది మీకు?"

"ఏం గాలేదు పంతులూ. చదువుకుంటున్నం," అన్నాడు కురుమూర్తి.

"ఎవరన్న భయపెట్టిన్రా?"

"లేదు. మాకే చదవాలనిపిచ్చింది," అంది చంద్రకళ.

తిమ్మప్ప బెత్తాన్ని చూరులో దోపేశాడు. మళ్లీ దాని అవసరం రాలేదు. ఇన్నేళ్ల నౌకరీలో ఇంత సంతోషం ఎరగడాయన. ఆ ఉత్సాహంలో, నిజాం సర్కారు బడులకిచ్చే శుక్రవారం సెలవున కూడా పిల్లల్ని వదలబుద్ధి కాలేదు.

"రేపు శుక్రవారమైనా బడి పెట్టుకుందామా?" అని అడిగాడు.

పిల్లలంతా చంద్రకళ వైపు చూశారు. ఆమె గుటక మింగింది.

"పెట్టుండ్రి పంతులూ."

ఇన్‌స్పెక్టర్ సాబు రానే వచ్చాడు. ఆయన ప్రశ్న పూర్తికాకముందే జవాబులు వచ్చాయి. కురుమూర్తి పందొమ్మిదో ఎక్కం తడబడకుండా అప్పజెప్పాడు. ఎవరూ అడక్కుండానే చంద్రకళ లేచి, "గద్వాల బడిల గూడ ఇంత మంచిగ చెప్పరంట సాబ్," అంది.

సాబు తిమ్మప్ప భుజం తట్టాడు.

"షాబాష్. నీ అసుంటోడు గీ పల్లెల ఉండొద్దు. గద్వాల పెద్ద బడికి నిన్ను పంపమని తబాదల రాస్త."

పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. తన గొప్పను చూసి వాళ్లు మురిసిపోతున్నారని తిమ్మప్పకు కళ్లు చెమర్చాయి. ఆయన చేతులు జోడించాడు.

"వద్దు సాబ్. ఇంత ప్రేమగ చదివే పిల్లల్ని ఇడిచి నేను యాడికీ పోను. నౌకరి ఉన్నన్నాళ్లు ఈడ్నే ఉంట."

సాబు నీ ఇష్టమని చెప్పి బండెక్కాడు.

బండి మలుపు తిరగగానే పిల్లలు ఒక్కసారిగా భోరుమన్నారు. తిమ్మప్ప చేతికందినవాళ్లను దగ్గరికి తీసుకున్నాడు.

"ఏడ్వకుండ్రి. నేను పోతలేను గద."

ఏడుపు ఇంకా పెద్దదైంది. ఆయన చంకకింద ఇరుక్కుపోయిన కురుమూర్తి వెక్కుతూ చంద్రకళ చెవిలో అన్నాడు.

"మంచిగ చదివితె పంతులు పోతడంటివి గదక్కా."